చేపలు బతికున్నంతసేపు

భయం లేని డిటెక్టివులు ఎక్కడో ఉండే ఉంటారు. కురుమూర్తి వాళ్ళలో ఒకడు కాదు. నాగర్‌కర్నూల్‌లో ఇరవై ఏళ్ళు నేరాల ఫైళ్ళు సర్దే గుమాస్తాగా పనిచేసి, చదివిందంతా వృథా పోకూడదని సొంతంగా కేసులు చూడటం మొదలుపెట్టిన మనిషి. మొదటి ఏడాదే ఒక గది తలుపు గంట ఆలస్యంగా తెరిచాడు. లోపలున్నవాడు అప్పటికే పోయాడు, ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. ఆనాటి నుంచి ఏ గుమ్మంలో కాలు పెట్టినా ముందు చేతి గడియారం చూసుకుంటాడు.

సోమవారం పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలు. కొత్తకోటలో లారీ మెకానిక్కుల వరస చివర ఒక రేకుల షెడ్డు. లోపల గోడ వెంబడి ఏడు అద్దాల తొట్లు, ఏడింటిలోనూ సగం సగం నీళ్ళు. ఒక్క చేప లేదు. వాటిని పెంచే దానిష్ కూడా లేడు. ఆదివారం తెల్లవారినప్పటి నుంచి చేపల జాడా లేదు, మనిషి జాడా లేదు.

పోయినవి ఇరవై రెండు చేపలు. వేలెడంత పొడవు, ఇత్తడి రంగు ఒళ్ళు, పక్కన ఒక నల్ల చార. రాళ్ళకు పట్టిన పాచిని నాకి బతుకుతాయి కాబట్టి గద్వాల వైపు కృష్ణ ఒడ్డున వల వేసేవాళ్ళు వాటిని రాయినాకుడు అంటారు. ఒకప్పుడు దోసిలితో దేవినా దొరికేవట. అందంగా పుట్టడమే వాటి కొంప ముంచింది. అక్వేరియంల మోజుగాళ్ళు ఎక్కడెక్కడి నుంచో దిగి, రాళ్ళ సందుల్లోంచి ఊడ్చుకుపోయారు. మూడేళ్ళుగా నదిలో ఒక్కటి వలలో పడలేదు. పట్టుకుపోయినవన్నీ అద్దాల పెట్టెల్లో గుడ్డు పెట్టకుండానే చచ్చాయి. ఒక్క దానిష్ తొట్లలోనే గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి. ఎల్లుండి బుధవారం వాటిని మళ్ళీ నదిలో విడవాలి. పెద్దలొచ్చి విడిచే కార్యక్రమం కాబట్టి షామియానా కూడా మాట్లాడేశారు.

దానిష్ భార్య హీనా బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. కురుమూర్తిని పిలిపించింది ఆమే. పక్కన గౌస్ నిలబడ్డాడు. వనపర్తిలో రంగు చేపలు, అద్దాల తొట్లు అమ్మే దుకాణం అతనిది. దానిష్‌కు ఈ విద్య నేర్పింది అతనే, పదేళ్ళుగా సొంత తమ్ముడిలా చూసుకుంటున్నాడని హీనా చెప్పింది.

"ఆఖరుకు ఎప్పుడు మాట్లాడినవమ్మా?" అని మొదలుపెట్టాడు కురుమూర్తి.

"శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు సార్. నేను మానవపాడుల మా అమ్మ కాడుంటి. చేపలకు మేతేసిన, ఇక పండుకుంట అన్నడు."

"తర్వాత?"

"ఆదివారం ఆరింటికి నేనే చేసిన. ఎత్తలే. మనసు నిలవక బస్సెక్కిన. తొమ్మిదిన్నరకు వచ్చి చూస్తే షెడ్డు తలుపు బార్లా ఉంది."

"తాళం పగిలిందా?"

"లేదు. ఆయన షెడ్డులనే పండుకుంటడు, లోపటి గడియ తీసుంది."

అంటే పిలిచినవాడెవరో దానిష్‌కు తెలుసు. తెలిసిన గొంతుకే తెల్లవారుజామున తలుపు తీస్తారు. ఈ మాట కురుమూర్తి పైకి అనలేదు, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

"పదకొండింటికి ఆయన ఫోన్ నుంచి మెసేజ్ వచ్చింది" అంది హీనా. "నేను మంచిగున్న, నాకోసం దేవులాడకండ్రి అని. ఆయన నాకెప్పుడు రాసి పంపలే సార్. ఏం చెప్పాల్నన్నా మాట రికార్డ్ చేసి పంపుతడు. అది ఆయన పెట్టింది కాదు."

గౌస్ గొంతు సవరించుకున్నాడు. "సాబ్, నాదొక మాటుంది. నిన్న సాయంత్రం ఆరు నలభైకి నా దుకాణం ఫోన్‌కు ఎవడో చేసిండు. చేపల సంచిల నీళ్ళు తెల్లగైనయ్, ఏం చెయ్యాలె అన్నడు. మూడో వంతు తీసేసి మంచినీళ్ళు పొయ్యమని చెప్పిన. మామూలు గిరాకీ అనుకున్న. ఫోన్ పెట్టినంక తట్టింది, గీడే చేపలెత్తుకపోయినోడు అని."

"గొంతు గుర్తువట్టినవా?"

"తెల్వదు సాబ్. కొత్త గొంతు."

"దానిష్ పక్కన్నే ఉంటె వాడు నిన్నెందుకు అడుగుతడు?"

"దానిష్ మొండోడు. నోరు విప్పుతలేడేమో." గౌస్ హీనా వైపు తిరిగాడు. "బహెన్, పరేషాన్ కాకు. ఆ చేపలు దానిష్ చెయ్యి లేకుంటె బతకయ్. నేను రెండు సార్లు ప్రయత్నం చేసిన, నాకే చాతగాలే. అవి బతికున్నంతసేపు దానిష్‌కు ఏం కాదు. వాళ్ళకు ఆయన అక్కెర ఉంటది."

హీనా ఆ మాటను తాయెత్తులా పట్టుకుంది. చేపలు బతికున్నంతసేపు, చేపలు బతికున్నంతసేపు అని రెండు సార్లు గొణుక్కుంది. నిజం చెప్పాలంటే కురుమూర్తి కూడా పట్టుకున్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా తాడులాగే కనిపిస్తుంది.

ఆయన షెడ్డంతా వెతికాడు. నేల మీద తడి లేదు. అద్దం పగల్లేదు. గాలి మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్నుంచి వచ్చే సన్నని గొట్టాలు ఒక్కో తొట్టిలోకి ఒకటి దిగి ఉన్నాయి. కొసలకు ఏమీ లేదు, బుడగలు నేరుగా గొట్టం నోట్లోంచే గుడగుడమని వస్తున్నాయి. అవి అలాగే ఉండాలో ఇంకోలా ఉండాలో ఆయనకు తెలియదు. తెలియని ప్రతిదాన్నీ దాచిపెట్టుకోవడం గుమాస్తా బుద్ధి కాబట్టి ఫోటో తీసుకున్నాడు.

తలుపు పక్కన గోడకు నల్లరంగు పూసి ఉంది. దాని మీద సుద్దముక్కతో వారాల పేర్లు, ఒక్కో వారం కింద మేత వేసిన పూటకో గీత. శనివారం కింద రెండు గీతలున్నాయి.

"ఏంది కురుమూర్తీ, ఫైలు దొరికిందా?"

గుమ్మంలో వెంకటన్న. ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై సొంత ఏజెన్సీ పెట్టుకున్నాడు. బుధవారం కార్యక్రమం పెద్దలు చేపలను వెతికిపెట్టమని అతన్ని పెట్టుకున్నారు. కురుమూర్తి ఇరవై ఏళ్ళు అతని ఫైళ్ళు మోశాడు. ఇప్పటికీ అతని గొంతు వింటే వీపు దానంతటదే వంగుతుంది.

"ఈడ ఏం వెతుకుతవ్? దానిష్ బెంగళూరు దారి పట్టిండు. తాళం పగల్లే, పెనుగులాట లేదు. తనే సంచులు కట్టుకోని, తనే గడియ తీసుకోని పోయిండు."

హీనా లేచి నిలబడింది. "మా ఆయన దొంగ కాదు."

"నేనంటలేనమ్మా. గడియ అంటుంది."

కురుమూర్తి గోడ దగ్గరికి నడిచాడు. "సార్, జర ఈ సుద్ద గీతలు చూడండ్రి. హీనమ్మా, ప్రయాణం చేసే చేపలకు మేత ఎప్పుడు ఆపుతరు?"

"రెండొద్దుల ముందు సార్. కడుపుల మేతుంటె సంచిల నీళ్ళు ఖరాబు చేస్తయ్. ప్రయాణం చేపలు మనలెక్కనే రోజా, ఉపాసం ఉండాలె అని నవ్వుతుండె ఆయన. బుధవారం ఇడిచేదుంది కదా, ఇయ్యాల్టి నుంచే వాటికి రోజా పెట్టాలె."

"ఇన్నరా సార్? ఆదివారం పారిపోయేటోడు శనివారం రెండు పూటలు మేతేస్తడా? తన చేతులతోని పెంచిన చేపలను తనే సంచిల చంపుకుంటడా? ఇది ముందుగల్ల అనుకున్నది కాదు. ఎవరో వచ్చిండ్రు, దానిష్‌కు ఇష్టం లేకుండ జరిగింది."

వెంకటన్న గోడ వైపు ఒక నిమిషం చూశాడు. "సుద్ద గీతతోని కేసులు తేలితే కోర్టులెందుకు, బడిపంతుళ్ళు చాలు" అన్నాడు. కానీ బెంగళూరు మాట మళ్ళీ ఎత్తలేదు.

గెలిచిన సంతోషం కురుమూర్తికి ఆ నిమిషం కూడా నిలవలేదు. "గౌస్ సాబ్, మేత తిన్న చేపలు సంచిల ఎన్ని గంటలుంటయ్?"

"రోజా ఉన్నయైతే ముప్పై ఆరు గంటలు. తిన్నయైతే…" గౌస్ తల వంచుకున్నాడు. "అందుల సగం సాబ్."

ఆదివారం పొద్దున ఆరు నుంచి పద్దెనిమిది గంటలు. అంటే నిన్న అర్ధరాత్రితో సరి. దానిష్ దొంగ కాదని చెప్పిన సుద్ద గీతే అతని గడువును సగానికి కోసింది. కురుమూర్తి వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టడం హీనా చూసింది.

"నీళ్ళు మార్చమని చెప్పిన గద బహెన్" అన్నాడు గౌస్. "ఉంటయ్. అవి ఉంటయ్, ఆయనుంటడు."

పది పదిహేనుకు గౌస్ సెల్లు మోగింది. అతను బయటికి వెళ్ళి మాట్లాడి, చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"వాడే సాబ్. చేపలు తేలుతున్నయంట. గద్వాల కాడ నది రాళ్ళల్లకు నన్ను రమ్మంటుండు. హీనా బహెన్ కూడ రావాలంట, ఆమె చెప్తెనే దానిష్ చెయ్యి కదుపుతడంట. వెనక ఇంకో బండి కనవడితే సంచి నదిల, మనిషి నదిల అన్నడు."

"నంబరియ్యి" అన్నాడు వెంకటన్న.

"నంబర్ దాచి చేసిండు సార్. తెరమీద ఏం పడలే."

"అంతా నాటకం. మొగుడే పెండ్లాన్ని పిలిపించుకుంటుండు. ఇద్దరు కలిసి జారుకుంటరు. నేను వెనక వస్త."

కురుమూర్తికి ఆ పాత గది తలుపు కళ్ళ ముందు కదిలింది. తన వల్ల ఇంకో మనిషి పోకూడదు. అంతకు మించి ఆయన బుర్రలో ఇంకేమీ మిగల్లేదు. జీవితంలో మొదటిసారి వెంకటన్నకు అడ్డం వెళ్ళి, కారు ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"వద్దు సార్. మీ కారు కనవడితే మనిషి పోతడు. నా మాటినండ్రి."

"తప్పుకో."

"తప్పుకోను సార్."

వెంకటన్న చాలాసేపు ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఫైళ్ళు మోసినోడివి, కేసు మోస్తనంటున్నవ్. మొయ్యి. ఆ పిల్లకు ఏమన్న అయితే నీ మీదనే" అని కారు వెనక్కి తిప్పుకున్నాడు. మంచి పనే చేశానని కురుమూర్తి అనుకున్నాడు.

పది ఇరవై అయిదుకు హీనాను ఎక్కించుకుని గౌస్ వ్యాను హైవే మీదికి తిరిగింది. పోయేముందు గౌస్ కిటికీలోంచి ఒక మాట చెప్పాడు. నాగర్‌కర్నూల్‌లో ఒకాయన ఈ చేపల కోసం దానిష్‌ను మూడు సార్లు అడిగాడట, ఊరికే కూర్చోకుండా అతన్ని చూడమని అడ్రసు చెప్పాడు. కురుమూర్తి సరేనని స్కూటర్ తీశాడు.

నాగర్‌కర్నూల్ దారి వనపర్తి మీదుగానే. పదకొండుకు వనపర్తి చేరాడు. గౌస్ దుకాణం రోడ్డు పక్కనే కనిపించింది. నిన్నటి ఫోన్ సంగతి పుస్తకంలో సగమే రాసుకున్నాడు, పేజీ సగంలో వదిలేయడం ఆయన ఒంటికి సరిపడదు. ఆ గొంతు గురించి ఇంట్లోవాళ్ళనూ అడుగుదామని ఆగాడు.

దుకాణంలో గౌస్ భార్య ఫరీదా ఉంది. ఇరవై తొట్ల మోటార్లు ఒక్కసారే గుడగుడలాడుతున్నాయి.

"నిన్న సాయంత్రం ఆరు నలభైకి ఈ ఫోన్‌కు ఎవరో చేసిండ్రంట, మీరేమన్న విన్నరా అమ్మా?"

"ఈ ఫోన్‌కా?" ఫరీదా బల్ల మీది పాత ఫోన్ వైపు చూసింది. "ఇది పనిచెయ్యక రెండు నెలలాయె సాబ్. తీసేద్దామంటే ఆయన ఇనడు."

కురుమూర్తి రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. లోపల ఏ చప్పుడూ లేదు. రిసీవర్ పెట్టేసి, పుస్తకంలో నిన్నటి ఫోన్ సంగతి కొట్టేశాడు.

సెల్లు తీసి షెడ్డులో తీసిన ఫోటో చూపించాడు. "ఈ గొట్టాల కొసకు ఏమన్న ఉండాల్నా అమ్మా?"

"స్పాంజి ఉండాలె గద. ఎవరు పీకిండ్రు?"

"స్పాంజి దేనికి?"

"చేప బతికేది దాన్ల పట్టిన మడ్డితోనే సాబ్. నీళ్ళల్ల విషం పుట్టకుండ అదే కాపాడ్తది. కొత్త తొట్టిల కొత్త స్పాంజి పెడితే నాలుగొద్దులకు చేపలు పోతయ్. పాతదాన్ని పిండొద్దు, కడగొద్దు, ఆ పాత నీళ్ళతోనే తెచ్చి పెట్టాలె. ఈ పని చేసేటోళ్ళకు చేపకన్న ముందు స్పాంజే యాదికొస్తది."

"పని తెల్వనోడైతే?"

"వానికది చెత్త సాబ్. ముట్టుకోడు."

ఏడు తొట్లు, ఏడు ఖాళీ గొట్టాలు. చేపలను ఎత్తుకుపోయినవాడు తొందరలో కూడా ఏడు స్పాంజిలు మరిచిపోలేదు. ఎన్నేళ్ళుగానో చేతికి పట్టిన అలవాటది. అది అక్కడ తనను పట్టిస్తుందన్న ఆలోచన కూడా వాడికి వచ్చి ఉండదు.

"మీ ఇంటికి ఈ మధ్యన పాత స్పాంజిలు ఏమన్న వచ్చినయా?" అని అడిగాడు.

"నిన్న పొద్దున ఏడు తెచ్చిండు ఆయన. ఎవరో తొట్లు ఎత్తేసిండ్రంట. వెనక అర్రల పెద్ద తొట్టికి పెట్టిండు. దాని మీది గుడ్డ తియ్యొద్దన్నడు, జబ్బు చేపలంట."

వెనక గదిలో గోడ పొడవునా ఒక తొట్టి, దాని మీద నల్ల గుడ్డ. కురుమూర్తి గడియారం చూసుకున్నాడు. పదకొండు పద్నాలుగు. గుడ్డ కొస పట్టుకుని లాగాడు.

నీళ్ళు తేటగా ఉన్నాయి. నల్లటి స్పాంజిలు ఏడూ మెల్లగా బుడగలు వదులుతున్నాయి. రాళ్ళకు మూతులు ఆనించి, ఇత్తడి రంగు చేపలు పాచి నాకుతున్నాయి. ఆయన మూడు సార్లు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. ఒక్కటి తేలలేదు, ఒక్కటి నీరసంగా లేదు.

భూమ్మీద మిగిలిన రాయినాకుడు చేపలు ఇవేనని తెలిసినవాడెవడైనా ఆ నిమిషంలో మొక్కేవాడు. కురుమూర్తి గోడకు ఆనుకున్నాడు. ఆయన జీవితంలో అంత భయం ఎన్నడూ పడలేదు. చేపలు బతకాలంటే దానిష్ చెయ్యి కావాలని చెప్పింది ఎవరు? గౌస్. నాకు చాతగాలే అన్నది ఎవరు? గౌస్. మరి ఈ చేపలు ఇంత చక్కగా బతుకుతున్నాయి. ఆదివారం పొద్దున వీటిని ఈ తొట్టిలో వదిలినప్పటి నుంచి దానిష్‌తో గౌస్‌కు ఏ పనీ లేదు. ఆదివారం పొద్దున నుంచి, అంటే నిన్నంతా, ఈ పొద్దంతా. చేపలు బతికున్నంతసేపు అన్న మాటే ఒక ఆడమనిషికి ధైర్యంగా చెప్పి, ఆ ధైర్యంతోనే ఆమెను బండి ఎక్కించుకుపోయాడు. ఆ మెసేజ్ దానిష్ పెట్టింది కాదని పట్టుకున్నది ఆమె ఒక్కతే.

వెనకాల వస్తానన్న ఒక్క కారును ఆపింది ఎవరో కూడా కురుమూర్తికి గుర్తొచ్చింది.

ఫరీదా గడపలో నిలబడి చేపల వైపే చూస్తోంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"శనివారం రాత్రి దానిష్ ఫోన్ చేసిండు" అంది మెల్లగా. "బుధవారం అన్నీ నదిల ఇడుస్త, ఒక్క జత కూడ ఉంచుకోను భాయ్ అన్నడు. ఈయన అప్పటికే ఎవరికో ఆ చేపలు ఇప్పిస్తనని మాటిచ్చిండు. ఆ రాత్రి పండుకోలే. తెల్లారకముందే బండి తీసిండు. సాబ్, మా ఆయన ఏం చేసిండు?"

కురుమూర్తి సెల్లు తీశాడు. వెంకటన్నకు ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఈసారి అవతలివాడు కావాలనే కట్ చేశాడు. ఒక్క మెసేజ్ కొట్టి పంపాడు. ‘చేపలు దొరికినయ్. గౌస్ వ్యాన్ ఆపండి.’ తర్వాత హీనా నంబర్ నొక్కాడు.

నాలుగో మోతకు ఎత్తింది.

"ఎక్కడున్నవ్ బిడ్డా?"

"పెట్రోల్ పోయించుకోనికె ఆగినం సార్. గౌస్ భాయ్ దిగిండు."

"ఏ ఊరు?"

"ఎర్రవల్లి చౌరస్తా దాటినం. గద్వాలకైతే ఆడ మళ్ళాలె. మళ్ళలే. ఇది మా మానవపాడు దారి, నాకు తెల్వదా? నేనే అడిగిన." ఆమె గొంతు మారింది. పొద్దుటి నుంచి ఆయన వినని సంతోషం అందులో ఉంది. "భయపడకండ్రి సార్. ఆయన నిజం చెప్పేసిండు. ఆ గద్వాల మాట మీ ముందర ఊరికే అన్నడంట. దానిష్ యాడున్నడో గౌస్ భాయ్‌కు తెలుసంట సార్. నన్ను ఆయన కాడికే తీస్కపోతుండు."

"దిగు బిడ్డా. నా మాటిను, ఇప్పుడే బండి దిగు. అక్కడ మనుషులున్నరు కదా, వాళ్ళల్లకు ఉరుకు."

"ఎందుకు సార్? ఏమైంది?"

వ్యాను తలుపు జరిగి మూసుకున్న చప్పుడు వినబడింది. "ఎవరు బహెన్, కురుమూర్తి సాబా? ఇటియ్యి" అన్నాడు గౌస్, చాలా మర్యాదగా. ఫోన్ చేతులు మారింది. ఇంజను స్టార్టయింది.

"మోటార్ల చప్పుడు వినొస్తుంది సాబ్. నా దుకాణంల ఉన్నట్టున్నరు" అన్నాడు గౌస్. "ఆ గుడ్డ కప్పేయండ్రి. వెలుతురుకు అవి బెదురుతయ్."

ఫోన్ ఆగిపోయింది. కురుమూర్తి మళ్ళీ చేశాడు. రెండు నంబర్లూ, హీనాదీ గౌస్‌దీ, ఆపేసి ఉన్నాయి.